ఆ సీసా మూత తియ్యకు నాయనా

ఆగు నాయనా, ఆగు. బానెట్ ఎత్తావు సరే, చేతిలో ఆ సీసా ఏమిటి? బంకులో పెట్రోలు కొట్టించుకుంటుంటే ఎవరో చూపించారా? ఆయిల్లో కలిపితే మైలేజీ పెరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది, ఇంజిన్ పదేళ్లు ఎక్కువ బతుకుతుంది అన్నారా? అంటారు. నువ్వూ బండి మీద ప్రేమ కొద్దీ కొన్నావు, నాకు తెలుసు. అయినా ముందు దాన్ని అరుగు మీద పెట్టి, ఇలా వచ్చి కూర్చో.

ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్లు ఇంజిన్లు విప్పినవాణ్ణి. ఆయిల్ లేక అరిగిపోయిన బేరింగులు చూశాను. ఏళ్ల తరబడి మార్చక తారులా గడ్డకట్టిన ఆయిల్ చూశాను. ఏది పడితే అది పోస్తే పాడైనవీ చూశాను. అంతేగానీ, అదనంగా సీసా పోయలేదని పాడైన ఇంజిన్ ఒక్కటంటే ఒక్కటి నా షెడ్డుకి రాలేదు.

నువ్వు కొనే ఆయిల్ డబ్బాలో ఉన్నది ఉత్త నూనె అనుకుంటున్నావా? కాదు నాయనా. మీ అమ్మ ఆవకాయ కలపడం చూశావుగా. ముక్కకి ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు, పైన తేలేంత నూనె. అన్నీ కొలతే. ఆయిలూ అంతే. అందులో మసిని కడిగే మందు ఉంది. కడిగిన మసి అడుగున పేరుకోకుండా నూనెలోనే పట్టి ఉంచేది ఇంకొకటి ఉంది. నురగ రానివ్వనిది, వేడికి నూనె చెడిపోకుండా కాచేది, ఇనుము ఇనుముని ఒరుసుకునే చోట సన్నటి పొరలా నిలబడే జింకు, ఫాస్ఫరస్‌ల మందు, ఇవన్నీ కంపెనీవాళ్లు ముందే కలిపి, ఇంజిన్లలో నడిపి, విప్పి చూసి, ఆ తరవాతే డబ్బాకెత్తుతారు. ఊరిన జాడీలో నువ్వెళ్లి ఇంకో గుప్పెడు ఉప్పు పోస్తే ఆవకాయకి రుచి పెరుగుతుందా చెప్పు?

పైగా మోతాదు ఊరికే పెట్టలేదు. నీ కారులాంటి కొత్త పెట్రోలు బళ్లకి వాడే పల్చటి ఆయిళ్లలో ఫాస్ఫరస్ 0.06 శాతానికి తగ్గకూడదు, 0.08 శాతం మించకూడదు అని ప్రమాణం ఉంది. తగ్గితే ఇంజిన్ అరుగుతుంది. మించితే పొగతో పాటు బయటికి వెళ్లి, సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా చంపేస్తుంది. నీది 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్ 6 బండి. ఆ కన్వర్టర్ మార్చాలంటే ఎంతవుతుందో షోరూంలో ఒకసారి అడిగి చూడు. అప్పుడు తెలుస్తుంది ఈ సీసా ఖరీదు ఎంతో.

ఇది మన దగ్గరే పుట్టిన ఆశ కాదులే. అమెరికాలో స్లిక్ 50 అని ఒక మందు లక్షల మంది కొన్నారు. మామూలు ఆయిల్‌తో బండి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌కి రక్షణే ఉండదు, మా మందు పోస్తే లోపలి భాగాల మీద పొర కడుతుంది అని ప్రకటనలు గుప్పించారు. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల మీద అభియోగం పెట్టింది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ వాడితే స్టార్ట్ చేసేటప్పుడు చాలా ఇంజిన్లకి సరిపడా రక్షణ ఉంటుంది అని కమిషనే చెప్పింది. 1997లో ఆ కంపెనీ రాజీకి వచ్చి, రుజువు లేని మాటలు ఇక చెప్పనని ఒప్పుకుంది. అంత పెద్ద దేశంలో అంత దూరం వెళ్లి తేలింది కూడా నేను చెబుతున్నదే. మాన్యువల్‌లో రాసిన ఆయిల్ చాలు.

మాన్యువల్ అంటే గుర్తొచ్చింది, నీది డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా ఉంది కదూ? ఇవాళ తీసి చదువు. చాలా కార్ల పుస్తకాల్లో ఆయిల్లో ఇంకేమీ కలపొద్దని విడిగా రాసి ఉంటుంది. వారంటీలో ఉన్న బండి. రేపు ఏదన్నా అయితే, ఏం పోశావని వాళ్లడిగితే ఏం చెబుతావు? మీ నాన్న ఈ బండికి ఎలా డబ్బు కూడబెట్టాడో నేను చూశాను నాయనా.

ఆ మాన్యువల్‌లోనే ఏ ఆయిల్ పొయ్యాలో 5డబ్ల్యూ-30 అనో, 0డబ్ల్యూ-20 అనో ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, వెనకున్నది వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇంజిన్‌లోని సందులు ఆ చిక్కదనానికి తగ్గట్టే చేశారు. చిక్కబరిచే మందు పోస్తే చప్పుడు తగ్గినట్టే ఉంటుంది, నిజమే. కానీ ఆ చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. పాత బండి అమ్మేవాళ్లు కొందరు నీలం పొగ కనబడకుండా ఈ పనే చేస్తారు. కొన్నవాడికి నెల తిరక్కుండా పొగ మళ్లీ వస్తుంది. నీలం పొగంటే రింగులో, వాల్వు సీళ్లో పోయాయని. సీసాతో రింగులు తిరిగి రావు.

ఒకాయన ఉండేవాడు. మంచివాడు, కానీ తీరిక లేనివాడు. రెండేళ్లు ఆయిల్ మార్చలేదు. హైదరాబాదు ప్రయాణం పెట్టుకుని, ముందు రోజు ఎవరో చెప్పారని లోపల కడిగే మందు ఒక సీసా పోశాడు. పేరుకున్న గసి ఒక్కసారిగా ఊడింది. ఊడి, సంపు అడుగునున్న జల్లెడకి అడ్డం పడింది. సూర్యాపేట దాటాక ఆయిల్ దీపం వెలిగింది. అదీ చూసుకోలేదు. ఇంజిన్ పట్టేసింది. రాత్రి పదకొండింటికి రోడ్డు పక్కన భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. బండి నా షెడ్డుకి తాళ్లతో లాక్కొచ్చారు. ఆ ఇంజిన్ విప్పుతుంటే నాకు ఆ పిల్లలే గుర్తొచ్చారు.

అన్నిటికీ ఒకటే మాట అనను. పాత అంబాసిడర్ లాంటి ఇంజిన్లకి జింకు కాస్త ఎక్కువ ఉంటే మేలే. ముసలి బండికి సీలు దగ్గర చెమ్మ కారుతుంటే, సీలు మెత్తబరిచే మందు కొన్నాళ్లు ఆపుతుంది. అవి ముసలి బళ్ల సంగతులు, నీ బండికి కావు. మీ తమ్ముడి బైకులో అయితే అసలు వద్దు. అందులో క్లచ్చి కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది. జారుడు మందు పోస్తే క్లచ్చే జారుతుంది.

నువ్వు చెయ్యాల్సిందల్లా చిన్న పని. ఆదివారం పొద్దున, బండి చదునుగా ఉన్నప్పుడు, స్టార్ట్ చెయ్యకముందే డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తియ్యి. రెండు గుర్తుల మధ్య ఉందా చూడు. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయని, వెంటనే మెకానిక్ దగ్గరికి వెళ్లు. పదివేల కిలోమీటర్లో, ఏడాదో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్పించు. నువ్వు సందు చివరికి పాలకెళ్లి రావడానికి కూడా కారే తీస్తావు. అలా ఇంజిన్ వేడెక్కకుండానే ఆపేస్తుంటే ఆయిల్లో తడి చేరుతుంది. ఇంకా ముందే మార్పించు. స్టార్ట్ చెయ్యగానే రయ్యిమనిపించకు, మొదటి కిలోమీటరు మెల్లగా పోనియ్యి. రోజూ వింటున్నాను నీ గేటు దగ్గర ఆ చప్పుడు.

నీ బండికి మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. ఈ సీసా డబ్బు దానికి పెట్టు, మంచి ఫిల్టరుకి పెట్టు. సీలు ఇంకా తియ్యలేదుగా, బిల్లూ జేబులోనే ఉంది కదా. వెళ్లి ఇచ్చేసి రా నాయనా, నువ్వొచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను.