తోబుట్టువు గుండె

గుండెపోటు వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాక చేయవలసినదంతా వైద్యులదేనని, వెంట వచ్చినవారికి మిగిలేది ఎదురుచూపు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఆ వెంట వచ్చినది తోబుట్టువు అయినప్పుడు ఈ అభిప్రాయం నిలవదు.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులలో, లోపలి గోడకు పేరుకున్న కొవ్వుపొర చిట్లి, ఆ చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడమే సాధారణంగా గుండెపోటుకు కారణం. దారి మూసుకుని ఉన్నంతసేపూ కండరం నశిస్తూ పోతుంది గనుక, ధమని పూర్తిగా మూసుకుందని ఈసీజీ తెలిపినప్పుడు, రోగి ఆసుపత్రి గడప దాటిన 90 నిమిషాలలోగా బెలూన్‌తో దారి తెరవాలన్నది వైద్యులు పెట్టుకున్న గడువు. ఆ వసతి లేనిచోట గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. 1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జ్యూరిక్‌లో మొదటిసారి రోగి గుండె ధమనిలో బెలూన్ ఉబ్బించక ముందు బంధువులు చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. నిర్ణయించవలసినదీ అంతే తక్కువ. ఇప్పుడు మాత్రం "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అన్న కేక వినబడగానే, అన్న చొక్కా, గడియారం, ఉంగరం ఉన్న ప్లాస్టిక్ కవరును ఒక చేత పట్టుకొని, చెల్లెలు రెండో చేత అంగీకారపత్రం మీద సంతకం చేయవలసి వస్తుంది. చిన్నప్పటినుంచి ఏ విషయంలోనూ తన మాట చెల్లనివ్వని అన్న ప్రాణానికి సంబంధించిన నిర్ణయం ఆమె చేతికి రావడంలోని వింత, ఆ తొందరలో ఆమెకే తోచదు.

వాల్మీకి యుద్ధకాండలో లక్ష్మణుడు రావణుడి శక్తి తగిలి పడిపోయినప్పుడు, రాముడు ఇక యుద్ధంతోగాని ప్రాణాలతోగాని తనకు పనిలేదని విలపిస్తాడు. వానర వైద్యుడైన సుషేణుడు మాత్రం ముఖకాంతిని, అరచేతుల రంగును, ఊపిరితో కదులుతున్న గుండెను పరిశీలించి, ప్రాణం ఉందని నిర్ధారించి, ఓషధుల కోసం హనుమంతుణ్ణి పంపుతాడు. దుఃఖం ఒకరిది, పరిశీలన మరొకరిది. నేటి తోబుట్టువుకు ఈ సౌలభ్యం లేదు. నొప్పి ఏ వేళకు మొదలైందో, ఎడమచేతికి పాకిందో లేదో, చెమట పట్టిందో లేదో, షుగరుకు ఏ మాత్రలు వాడుతున్నాడో, ఏ మందు పడదో, కళ్ళు తుడుచుకుంటూనే వరుసగా చెప్పవలసినది ఆమే. రాముడి దుఃఖం కన్నా ఇది కష్టమనడం అతిశయోక్తి కాదు. "అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు" అన్న నిర్ణయం కూడా సాధారణంగా తోబుట్టువులదే, తల్లికి బి.పి. ఉందన్నది అందుకు చెప్పుకొనే కారణం, ఆమె ఏడిస్తే తామూ నిలవలేమన్నది చెప్పుకోని కారణం.

ఇంతలో వైద్యుడు "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడుగుతాడు. తండ్రికో సోదరుడికో 55 ఏళ్ళలోపు, తల్లికో సోదరికో 65 ఏళ్ళలోపు గుండెజబ్బు వస్తే, దానిని వైద్యులు కుటుంబ చరిత్రగా, అంటే తక్కినవారికి కూడా ముప్పు పెంచే లక్షణంగా లెక్కిస్తారు. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు ఇతరులకన్నా కొన్నేళ్ళు ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. భార్య భర్త కోసం పడే భయంలో లేని అంశం ఒకటి ఇక్కడ చేరుతుంది: ఆసుపత్రి గది తలుపు వెనుక ఉన్నవాడికి వచ్చిన ఆపద తన రక్తంలోనూ పొంచి ఉండవచ్చు. ఈ స్వార్థపు ఆలోచన వచ్చినందుకు చాలామంది తమను తామే నిందించుకుంటారు. కాని ఒకే కడుపున పుట్టడంలో మొదటినుంచీ ఇమిడివున్న సత్యమే అది, దానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంటికి వచ్చాక పరీక్ష మరో రూపం దాలుస్తుంది. మూసుకున్న ధమనిని తెరచి ఉంచే సన్నని లోహపు జాలీ అయిన స్టెంట్ వేసిన తరువాత, రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మాత్రలను సాధారణంగా ఏడాది వరకూ వాడాలి. వైద్యుడిని అడగకుండా మానేస్తే ఆ జాలీలోనే గడ్డ ఏర్పడవచ్చు. చెల్లెలు రోజూ ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా, సిగరెట్టు మానావా, పచ్చడి తగ్గించావా అని అడగడం మొదలుపెడితే, నాలుగో రోజుకే అన్న ఫోన్ ఎత్తడు. అక్కర ఉన్నచోట అధికారం వాసన తగిలితే తోబుట్టువులు ఊరుకోరు. ఆ పోట్లాట తిరిగి మొదలవడమే కోలుకోవడానికి నమ్మదగిన గుర్తు, ఈసీజీ తరువాత. ఆమె తన కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకొని, ఫలితం దాచిపెట్టిందని తెలిసిన నాడు, ఉపదేశం చేసే వంతు అతనిదవుతుంది.