చూరు వంగిన గుడి

బెంగాల్ డెల్టాలో గుడి కట్టడానికి రాయి లేదు. గంగా, దాని పాయలూ తెచ్చి పోసిన ఒండ్రుమట్టే నేలంతా. పడమట బాంకురా వైపు లాటరైట్ అనే ఎర్రరాయి దొరుకుతుంది గానీ, దాని గరుకుతనం సన్నని చెక్కడపు పనికి లొంగదు. ఆ లేమిని అక్కడివాళ్లు దాచిపెట్టలేదు. కాళ్లకింది మట్టినే ఇటుకలుగా, బొమ్మల పలకలుగా కాల్చి దేవుడికి ఇల్లు కట్టారు.

రాతి గుళ్ల మధ్య పెరిగిన నాకు ఇది చాలాకాలం మింగుడుపడలేదు. మనకూ ఇటుక తెలుసు. 1213 నాటి రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికవి. కానీ అక్కడ ఇటుక పని బరువు తగ్గించడం, కథ చెప్పే పని రాతిది. బెంగాల్‌లోని బిష్ణుపూర్ గుళ్లలో ఆ కథ కూడా మట్టే చెబుతుంది.

మొదట చూడవలసింది చూరు. బెంగాల్ పల్లెల్లో వెదురు వంచి కప్పిన పూరింటి చూరు నడుమ పైకి లేచి, రెండు కొసల్లో కిందికి వంగుతుంది. వాన నీళ్లు నిలవకుండా జారిపోవాలి కదా. 1655లో బిష్ణుపూర్ ఏలిన మల్లరాజు రఘునాథ సింహుడు కట్టించిన జోడ్ బంగ్లా గుడి అలాంటి రెండు ఇళ్లను ఒకదాని పక్కన ఒకటి చేర్చి, నడినెత్తిన చిన్న శిఖరం నిలిపినట్టే ఉంటుంది. వెదురుకు సహజమైన ఆ వంపును ఇటుకలో తీసుకురావడం మామూలు పనితనం కాదు. (ఇదే వంపు అంతకుముందే షాజహాన్ కట్టడాల పాలరాతి దాకా ప్రయాణించింది.) మల్లరాజులు అప్పటికే చైతన్యుడి కృష్ణభక్తి మార్గంలోకి వచ్చారు. ఆ వంశపు రాజు బీర్ హంబీరుడు ఆ మార్గపు గురువు శ్రీనివాస ఆచార్యుడికి శిష్యుడయ్యాడు. గొల్లపల్లెలో పెరిగిన కృష్ణుడికి కోటకన్నా పూరిల్లే తగినదని వాళ్లకు తోచి ఉంటుందని నేను అనుకుంటాను. రాజు కట్టించిన గుడికి రైతు ఇల్లు నమూనా కావడం కన్నా పెద్ద వినయం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఆ గోడల మీది పని గురించి ఎంత తలచుకున్నా తనివి తీరదు. మట్టిని పచ్చిగా ఉన్నప్పుడే మలచాలి. ఆరితే కుదించుకుపోతుంది, కాలితే మరికొంత. ఆ తరుగంతా ముందే లెక్కగట్టాలి. బిష్ణుపూర్‌లోనే 1643 నాటి శ్యామ్‌రాయ్ గుడిలో పెద్ద రాసమండలం ఉంది. నడుమ రాధాకృష్ణులు, చుట్టూ వలయాలుగా చేతులు పట్టుకున్న గోపికలు. అంత బొమ్మ ఒక్క పలకలో ఇమడదు. దాన్ని ముక్కలుగా విడదీసుకుని, విడివిడిగా కాల్చి, గోడ మీద గీతకు గీత కలిసేలా పేర్చాలి. ఈ పని చేసిన సూత్రధారులనే శిల్పులు కొయ్య, రాయి, మట్టి, చిత్రం నాలుగూ తెలిసినవాళ్లు. మట్టి మీద వాళ్ల గీతలు చూస్తే కొయ్య చెక్కిన అలవాటు కనిపిస్తుంది. ఆవంలో పెట్టాక ఇక దిద్దుబాటు ఉండదు. చేయగలిగినంతా చేసి, మిగతాది నిప్పుకు అప్పగించాలి. అంత శ్రమపడ్డాక ఫలాన్ని అలా వదిలేయగలగడమే నా దృష్టిలో నిజమైన భక్తి.

జోడ్ బంగ్లా గోడల మీద అంపశయ్య మీది భీష్ముడున్నాడు. పడవలూ, వేటగాళ్లూ ఉన్నారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ దగ్గర, 1752లో పూర్తయిన కాంతాజీ గుడిలో దేవుళ్ల కథల కింది వరుసల్లో ఆనాటి ప్రభువుల ఊరేగింపులూ కొలువుదీరాయి. తమ కాలాన్ని గుడి గోడకెక్కించడానికి వాళ్లు సంకోచించలేదు. ఆ గుడి తొమ్మిది శిఖరాలూ 1897 భూకంపంలో కూలిపోయాయి. శిఖరాలు లేకుండానే ఇవాళా నిలిచి ఉంది.

ఊడిపోయిన పలకల చోట కొత్తవి పెట్టవచ్చా అన్నది నన్ను వదలని ప్రశ్న. మన గోపురాల మీది సున్నపు బొమ్మలను కుంభాభిషేకాల వేళ బాగుచేసి, మళ్లీ రంగులు వేస్తాం. అక్కడ అది తప్పనిపించదు. కానీ పచ్చిమట్టి మీద ఆడిన ఒక చేతి ఒత్తిడిని నిప్పు ఉన్నదున్నట్టు పట్టి ఉంచింది. దాని పక్కన నకలు పెడితే ఆ చేయి కనుమరుగవుతుంది. ఖాళీని ఖాళీగానే ఉంచాలని నా అభిప్రాయం. డేవిడ్ మెకచ్చియన్ అనే ఆంగ్లేయుడు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ బెంగాల్ పల్లెలన్నీ తిరిగి ఈ గుళ్లను ఫొటోలు తీశాడు. 1972లో, 41 ఏళ్లకే పోలియోతో కన్నుమూశాడు. పోయినదాన్ని తిరిగి కట్టబోకుండా, ఉన్నదాన్ని ఉన్నంతలో నమోదు చేసిన ఆయన పద్ధతి మీద నాకు గౌరవం.

అలాగని మట్టి కాల్చే ఆ విద్య పాత గుళ్లతో ఆగిపోలేదు. బిష్ణుపూర్‌కు దగ్గర్లోని పాంచ్‌మురాలో కుమ్మరులు ఇవాళా మట్టి గుర్రాలు చేస్తారు. ఆ ప్రాంతపు పల్లెల్లో చెట్ల కింద గ్రామదేవతలకు మొక్కుగా ఆ గుర్రాలను సమర్పిస్తారు. పాతవి పగిలి మట్టిలో కలుస్తుంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. పాత గుళ్ల మీద చేయి వేయకుండా, ఈ కుమ్మరులకు ఎవరైనా ఒక కొత్త గుడి గోడ అప్పగించాలని నా కోరిక. రాధాకృష్ణుల కింది వరుసల్లో ఈనాటి బస్సులూ, పొలానికి వెళ్లే ఆడవాళ్లూ, సెల్‌ఫోన్ చెవిన పెట్టుకున్న కుర్రాళ్లూ ఉండాలి.