'వాళ్ళంతా అంతే' అనకముందు

పోలండు పేరు వినగానే అనేకమంది విదేశీయులకు ఆష్విట్జ్ గుర్తొస్తుంది. దాన్ని 'పోలిష్ మరణశిబిరం' అనేస్తారు. కానీ దాన్ని స్థాపించి నడిపింది పోలండును ఆక్రమించిన నాజీ జర్మనీ. 2012లో అమెరికా అధ్యక్షుడు ఒబామా సైతం ఇలాగే పొరబడి, తరువాత విచారం వెలిబుచ్చారు. ఆ సభలో మరణానంతరం సత్కారం పొందినది ఎవరు? యూదుల ఊచకోత వార్తను ప్రాణాలకు తెగించి పాశ్చాత్య దేశాలకు చేరవేసిన పోలండు కతోలికుడు యాన్ కార్స్కీ!

అలాగని పోలండువారందరూ నిర్దోషులా? కాదు. 1941లో యెద్వాబ్నేలో, జర్మన్ల ప్రోద్బలంతో, పొరుగున ఉన్న యూదులను చంపినవారు పోలండువారే.

జాతినంతా నిందించడమూ, జాతినంతా వెనకేసుకురావడమూ రెండూ అబద్ధ సాక్ష్యాలే. 'వాళ్ళంతా అంతే' అనబోయేముందు, చేసినది ఎవరో అడుగుదాం. సత్యం మనుషులను పేరుపేరునా చూస్తుంది.