జెండాపై లేని జోహరాపురము

ఆంగ్లేయుల పదాతి రెజిమెంట్లకు తాము గెలిచిన యుద్ధముల పేర్లను పట్టుపతాకముపై కుట్టించుకొను ఆచార మొకటి కలదు. 1754లో చెన్నపట్టణపు రేవున దిగి, ఇంగ్లండు రాజుగారి సైన్యములలో హిందూదేశమునకు వచ్చిన మొదటిది తామేయని లాటిను బిరుదము ధరించి, కాలక్రమమున డార్సెట్ రెజిమెంటుగా మారిన 39వ పదాతిదళము, 1757 నాటి ప్లాసీని, 1843లో గ్వాలియరు సమీపమున జరిగిన మహారాజపుర సంగ్రామమును, క్రిమియా యుద్ధమందలి సెవాస్టొపోలు ముట్టడిని ఆ విధముగా తన పతాకమున నిలుపుకొన్నది. 1839 అక్టోబరు 18వ తేదీన ఆ రెజిమెంటువారే కర్నూలు చెంత జోహరాపురములో పోరి గెలిచిరి. ఆ పేరు మాత్రము పతాకముపై లేదు.

కొలిమిగుండ్లలో, నాపరాతి గనుల దుమ్ము నడుమ నివసించువానికి ఏడు సముద్రముల ఆవలి రెజిమెంటు జెండాతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. పని కలదు. మా కోవెలకుంట్ల తాలూకాను నిజాము 1800లో దత్తమండలములతోపాటు కంపెనీకి ధారపోసెను. కర్నూలు మాత్రము పఠాను నవాబుల యేలుబడిలోనే మఱి ముప్పదితొమ్మిదేండ్లు నిలిచినది. జోహరాపురమున నవాబు ఓడిన పిమ్మటనే ఆ సీమ కంపెనీ వశమైనది, 1858లో మా తాలూకాను కడప నుండి విడదీసి దానికి జతచేసి కర్నూలు జిల్లా నేర్పరచిరి. 2022లో నంద్యాల జిల్లా పుట్టువఱకు మా పొలముల దస్తావేజులపై, మా పిల్లల బడి పత్రములపై కర్నూలు జిల్లాయని వ్రాయుచు వచ్చితిమన్నచో, ఆ వ్రాతకు మూలము ఒక ఉదయమున జోహరాపురమున మ్రోగిన తుపాకులే.

ఆ కథ పెద్దది కాదు, గొప్పదియు కాదు. హైదరాబాదున నిజాము సోదరుడు ముబారిజుద్దౌలా కుట్ర పన్నుచున్నాడన్న అనుమానము కంపెనీవారిని పట్టి పీడించుచున్న దినములవి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను ఫిరంగులు పోయించి మందుగుండు కూడబెట్టుచున్నాడని వినవచ్చినంతనే దండు కదలినది. కోట చేతికి సులభముగా చిక్కినది గాని, నవాబు తన కిరాయి సైనికులతో జోహరాపురమునకు తరలిపోయెను. తమకు రావలసిన పాతబాకీ జీతములు ముట్టినగాని నవాబును విడువమని ఆ సైనికులు పట్టుబట్టిరి. అనగా ఆనాడు నవాబు ఒక సేనకు శత్రువు, వేరొక సేనకు తాకట్టు సొమ్ము. కర్నలు డైసు నాయకత్వమున కంపెనీదండు పైబడగా పోరు ఘోరముగా జరిగినది. నవాబు పట్టుబడి తిరుచిరాపల్లికి పంపబడి, అచ్చటనే హత్యకు గురియయ్యెను.

ఈ యుద్ధమున నన్ను వేధించునది నవాబు పతనము కాదు. రాజ్యములు పడుట మన సీమకు క్రొత్త కాదు. విజయనగర సామంతుల తరువాత గోలకొండ, గోలకొండ తరువాత మొగలులు, నిజాము, మైసూరు, కంపెనీ, ఇట్లు ఒకరి వెనుక నొకరు వచ్చి శిస్తు వసూలు చేసికొని పోయినవారే. నన్ను వేధించునది ఆ దండులో తెల్లవారి ప్రక్కన నడచిన సిపాయి. డైసు స్వంత పటాలము మద్రాసు సైన్యమున 34వది, చికాకోలు పేరు వహించినది; అనగా మన శ్రీకాకుళము పేరే. ఆ పటాలమునందలి సిపాయికి కర్నూలు నవాబుతో పగ లేదు. నవాబు పక్షమున నున్న కిరాయివానికి కంపెనీతో పగ లేదు. ఒకనికి నెలజీతము సక్రమముగా ముట్టుచున్నది, వేరొకనికి ముట్టలేదు. ఆ యుదయమున వారిద్దరి మధ్య నేను చూడగలిగిన భేద మింతియే. కురుక్షేత్రమున అర్జునునికి రెండు సేనల నడుమ రథము నిలిపించుకొని ప్రశ్నించు తీరిక లభించినది. సిపాయి జీతపు షరతులలో ఆ తీరిక వ్రాసియుండదు.

ఏడేండ్లు గడచెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై బడినప్పుడు కంపెనీ మరల సిపాయిలను పంపినది. అతనిని పట్టుకొని, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో బహిరంగముగా ఉరితీసి, శిరస్సును కోటగుమ్మమున వ్రేలాడదీసి 1877 వఱకు అటులే ఉంచిరి. ముప్పదియేండ్లు! సంతకు పోవు రైతు ఆ గుమ్మము క్రిందుగానే పోవలయును. ధాతు కరవునాడు గంజికేంద్రము వెదకుకొనుచు వచ్చినవాడును దానిని చూచియే యుండును. నేడు మా ప్రాంతమున ఆ రెడ్డి పేరు తెలియని బాలుడు లేడు, అతని పేర విగ్రహములు, పాటలు, చలనచిత్రములు కలవు. ఇది న్యాయమే. అయినను, అతని జాడ చెప్పి బహుమానము పొందినవారు, అతని వెంట తరిమిన సిపాయిలు, శిరస్సును నిచ్చెనపై కెత్తిన చేతులు, ఇవియెల్ల ఏ దేశమునుండి వచ్చెను? వారికిని ఇండ్లుండెను, బిడ్డలుండిరి. వారి మనుమల మనుమలు ఈ చుట్టుపట్ల నుండకపోరు. మేము ఆ వంశమువారమని చెప్పినవానిని నేను ఇంతవఱకు చూడలేదు.

ఇచ్చటనే నాకు ఆ రెజిమెంటు జెండా మరల తలపునకు వచ్చును. మిలిందుడను యవనరాజునకు నాగసేనభిక్షువు రథమును చూపి, చక్రము రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా యని అడిగినట్లు, రెజిమెంటు అనగా ఎవరని అడిగినచో ఉత్తరము దుర్లభము. జోహరాపురమున పోరినవారిలో ఒక్కడును ప్లాసీని చూడలేదు. అయినను ప్లాసీ కీర్తి వారిదే. మనుష్యులు చత్తురు, రెజిమెంటు చావదు. పూర్వుల పరాక్రమమును పుట్టుకతోనే పొందును. అట్లైనచో పూర్వుల అపకార్యమును సైతము పొందవలయును గదా! అటుల జరుగదు. కీర్తి వచ్చునప్పుడు రెజిమెంటు ఒక్కటి, అపకీర్తి వచ్చునప్పుడు ఎవరికి వారే. జోహరాపురపు పేరు కుట్టకపోవుటకు సిగ్గు కారణమని నేననను. అదియొక చిన్న పోరాటము, రాజ్యవిస్తరణలో నిత్యకృత్యము, అంతియే. నిత్యకృత్యములు ఎవరికిని స్మరణీయములు కావు, అవి ఎవరిమీద జరిగినవో వారికి తప్ప.

అయినను ఆ రెజిమెంటును తేలికగా ద్వేషింప వీలులేకుండ దాని తదుపరి చరిత్ర నన్ను అడ్డగించును. మొదటి ప్రపంచ సంగ్రామమున దాని రెండవ బెటాలియను మెసపొటేమియాలోని కూట్ పట్టణమున, భారతీయ సైనికులతోపాటు, 1915 డిసెంబరు నుండి ముట్టడిలో చిక్కి, గుఱ్ఱపుమాంసముతో ప్రాణములు నిలుపుకొని, 1916 ఏప్రిల్ 29న తురుష్కులకు లొంగిపోయినది. ఆ మాంసము ముట్టని హిందూ ముస్లిము సిపాయిలు ఎందఱో రోజుల తరబడి ఆకలితో శుష్కించిరి. చెఱపడిన డార్సెట్ సైనికులు దాదాపు మూడువందలయేబది మంది; ఎడారి నడకలు, జ్వరములు, వెట్టిచాకిరి దాటి ఇల్లు చేరినవారు డెబ్బది మంది మాత్రమే. రెండవ సంగ్రామమున మొదటి బెటాలియను 1944 జూన్ 6న నార్మండీ తీరమున దిగినది. అదే సెప్టెంబరున నాలుగవది అర్నెం వద్ద చిక్కుకొన్న పారాచూట్ దళమును ఆదుకొనబోయి రాత్రివేళ రైను నదిని దాటి తానే చాలవఱకు నష్టమైనది. రెండవ బెటాలియను మాత్రము ఆ యేడు మేనెలలో నాగకొండలపైని కొహిమాలో, జిల్లా కమిషనరు బంగళా ముంగిట టెన్నిసు మైదానము కొఱకు జపానీయులతో పోరుచుండెను. గజములలో కొలువదగిన ఆ నేలకొఱకు వారములు పట్టినది. ఎదుటి పక్షమున, ఆ ఇంఫాలు కొహిమా రంగమున, జపానువారి వెంట నడచినవారిలో ఆజాద్ హింద్ ఫౌజువారును కలరు.

1839లో కర్నూలును కొల్లగొన్న రెజిమెంటే 1944లో ఈ దేశపు తూర్పు వాకిట నిలిచి ప్రాణము లర్పించినది. కొలిమిగుండ్లవాడు దానికి నమస్కరింపవలయునా, శపింపవలయునా? చాలకాలము ఈ ప్రశ్నను అటునిటు త్రిప్పి చూచితిని. కూట్ ముట్టడిలో చిక్కి చెఱలో చచ్చిన డార్సెట్ పల్లెటూరి పడుచువానికి నమస్కరింతును. వాడు నాకేమియు చేయలేదు. రెజిమెంటునకు నమస్కరింపను, అది తన లెక్కలలో ఒక వైపు మాత్రమే వ్రాసికొన్నది. అది నేడు లేదు కూడ. 1958లో డెవన్‌షైరు రెజిమెంటుతో కలిసిపోయి, ఆ కలిసినదియు 2007లో రైఫిల్స్ అను పెద్ద రెజిమెంటులో లీనమైనది.

మన లెక్కల మాటయేమి? పంతొమ్మిదవ శతాబ్ది చివర, యుద్ధజాతులు అను సిద్ధాంతమును తెల్లదొరలు నెత్తికెక్కించుకొని, దక్షిణాదివారు సైన్యమునకు తగరని తెలుగువారిని చేర్చుకొనుట మానిరి. మద్రాసు రెజిమెంటును 1928 నాటికి రద్దుచేసి, అవసరము మీదపడగా 1941లో మరల లేపిరి. ఈ అవమానమును మనము బాగుగా జ్ఞాపకముంచుకొంటిమి. మనవారి శౌర్యమునకు సాక్ష్యములు ఏరి కూర్చితిమి, కూర్చవలసినదే. కాని ఆ శౌర్యము చాలవఱకు ఎవరిపై ప్రదర్శింపబడెనో, మైసూరులో, బర్మాలో, కోవెలకుంట్లలో, జోహరాపురములో ఎవరి యిండ్లు దానిచే పాడుపడెనో మనమును మన జెండాపై కుట్టుకొనలేదు.

కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రాంతముల పాత యిండ్లలో తాతల కాలపు పింఛను కాగితములు, పతకములు, సైన్యపు పెట్టెలు ఇంకను ఉండవచ్చును. మీ యింట అట్టివి కనబడినచో ఆ సిపాయి పేరు, పటాలము సంఖ్య, పోయిన దేశము వ్రాసి ఉంచుడు. అతడు తుపాకి యెత్తినది ఎవరిమీదనో, అదియు దాచక వ్రాయుడు.