చిలుక మీద నెపం

జంతువుకు మనిషి వేషం వేసి గీయడం న్యాయమా, జంతువుని జంతువుగానే గీయడం న్యాయమా? జపాన్ వాళ్ల 'చోజు గిగా' గురించి చదువుతున్నప్పుడు నాకీ ప్రశ్న వచ్చింది. క్యోటోలోని కోసాన్‌జీ ఆలయానికి చెందిన ఈ నాలుగు చుట్టల బొమ్మలు 12, 13 శతాబ్దాల నాటివి. రంగుల్లేవు, సిరా గీతలే. మాటలూ లేవు. కప్ప కుందేలుతో కుస్తీ పడుతుంది. కోతి పూజారిలా మంత్రాలు చదువుతుంది. చూసి నవ్వుకుంటాం. ఆ నవ్వు మనుషుల మీదే. కప్పకేం కావాలో, కుందేలుకేం కావాలో ఆ బొమ్మ అడగదు. 'ఆవులాంటి పిల్ల' అని మెచ్చుకునేటప్పుడూ ఇదే జరుగుతుంది. అక్కడ ఆవూ లేదు, పిల్లా లేదు. మనకు కావలసిన అణకువే ఉంది.

తెలంగాణలోని చేర్యాల నకాషీల పటం దారి వేరు. చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసిన నూలుబట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, ఒక్కో కులానికి దాని పురాణం గీస్తారు. గొల్లలకు కాటమరాజు కథ. ఈ కథలో ఆవు దేనికీ ప్రతీక కాదు, మేత కావలసిన ఆవే. కరువొచ్చి మందలు నెల్లూరు సీమ బీళ్లకు వలస వెళ్తాయి. గడ్డికి బదులు పుట్టిన కోడెదూడల్ని పుల్లరిగా ఇవ్వాలని కాటమరాజుకీ నల్లసిద్ధికీ ఒప్పందం. ఈనేది ఆవు, లెక్క తేల్చుకునేది మగవాళ్లు. ఆడవాళ్లకిది కొత్త సంగతి కాదు.

అయితే కథ గడ్డి దగ్గర ఆగదు. రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక గొల్లల చేతిలో చచ్చిందనీ, ఆమె పగబట్టి ఆవుల్ని చంపించిందనీ, అందుకే పుల్లరి ఆగి యుద్ధం వచ్చిందనీ చెబుతుంది. ఆవుల్ని చంపించడం చిన్న విషయమని నేననను. కానీ మేతకీ పన్నుకీ మధ్య ముడి అప్పటికే బిగుసుకుని ఉంది. ఇద్దరు మగవాళ్ల తగవు చివరికి ఒక చిలుక మీదికీ, ఒక స్త్రీ మీదికీ జారిపోయింది.

ఈ నెపం పాత కథలతోనే పోలేదు. మా ఏలూరుకి దక్షిణాన ఉన్న కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పుడు పదేపదే వినబడిన ప్రశ్న: పక్షులా, మనుషులా? ఆటపాకలో గూళ్లు పెట్టుకునే గూడబాతు ఎవరి చెరువునీ అడగలేదు. గట్లు తెగినప్పుడు కూలి పోయిన ఆడవాళ్లకీ ఆ పక్షికీ తగవే లేదు. సరస్సుని ముక్కలుగా కోసి చెరువులు తవ్వించిన పెట్టుబడి మాత్రం ఆ ప్రశ్నలో ఎక్కడా కనబడదు.

అందుకే జంతువుని జంతువుగా గీస్తే చాలదనిపిస్తుంది. దాని మేత ఎవరి చేతిలో ఉందో కూడా గీయాలి. కొల్లేటి పటం ఎవరైనా గీస్తే గూడబాతునీ కూలి మనిషినీ ఒకే వరుసలో నిలబెట్టాలి. వాళ్లకెదురుగా, చెరువుల లెక్క రాసుకుంటున్న మనిషిని కూర్చోబెట్టాలి.