మన చరిత్రను స్మరించడమూ ధమ్మసాధనే



ఏప్రిల్ 14 వచ్చిందంటే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా మన వాడలన్నీ నీలి జెండాలతో నిండిపోతాయి. బాబాసాహెబ్ విగ్రహానికి దండలు పడతాయి, డీజే మోగుతుంది. పండుగ చేసుకోవడం తప్పు కాదు. ఊరి నడిబజారులో కాళ్లకు చెప్పులు వేసుకోనియ్యని జాతి అదే బజారులో ఊరేగింపు తీయడం చిన్న సంగతి కాదు. కాని తెల్లారి మీ ఇంట్లో పిల్లను ఒక మాట అడిగి చూడండి: "బాబాసాహెబ్ కంటే ముందు మన తెలంగాణలో మన కోసం నిలబడ్డది ఎవరు బిడ్డా?" ఆ పిల్ల జవాబు చెప్పలేకపోతే తప్పు పిల్లది కాదు. చెప్పవలసినవాళ్లం మనం.

అష్టాంగ మార్గంలో ఏడవది సమ్యక్ స్మృతి. స్మృతి అంటే కండ్లు మూసుకొని శ్వాసను గమనించడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఆ మాటకు గుర్తుంచుకోవడం అనే అర్థం కూడా ఉన్నది. మన దుఃఖం ఏది, దానికి కారణం ఏది, దాన్ని తొలగించుకునే దారి ఏది అన్నది మరిచినవాడు మళ్లీ ఆ దుఃఖంలోనే పడతాడు.

కాబట్టి గుర్తు చేసుకుందాం. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్యనే మనం భాగ్యరెడ్డి వర్మగా తలుచుకుంటున్నాం. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా వాడవాడకూ చైతన్యం తెచ్చినారు. మన పిల్లలకు బడులు పెట్టించినారు. 1917లో బెజవాడ సభలో 'పంచములు' అన్న పేరును కాదని, మనం ఈ నేల మూలవాసులం అని చాటినారు. ఆడపిల్లలను దేవుని పేర జోగినులుగా, దేవదాసీలుగా మార్చే ఆచారాన్ని ఎదిరించినారు. నాగపూర్ దీక్షకు 43 ఏండ్ల ముందే, 1913లో, హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించినారు. పాలమూరు జిల్లాలో జోగిని ఆచారం ఎందరు తల్లుల బతుకులు కాల్చిందో మీకు తెలుసు. ఆయన పేరు మన ఇండ్లల్లో వినపడకపోతే ఎట్ల?

బుద్ధుడు మనకు కొత్త కాదు. పాత నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద స్తూపం, విహారాలు ఇప్పటికీ కనబడుతున్నాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో మహాచైత్యానికి స్తంభాలు దానమిచ్చింది చాంతిసిరి. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది ఉపాసిక బోధిసిరి. ఆడవాళ్ల పేర్లు 1,700 ఏండ్లుగా రాతి మీద నిలిచినయి. దానం రాణిదైనా, మామూలు ఉపాసికదైనా, సంఘం రెండింటినీ స్వీకరించింది. ఆ సంఘంలోకి శాక్య రాజకుమారులు చేరవచ్చినప్పుడు తథాగతుడు మంగలి ఉపాలికే ముందు దీక్ష ఇచ్చినాడు. రాజకుమారులు ఆయనకు చేతులు జోడించవలసి వచ్చింది. గర్వం అణగడానికి అదే మందు.

ఇటువంటి మరుపు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టి, బొగ్గుగనిలో పనిచేసి, పెద్ద చదువులు చదివిన కార్టర్ వుడ్సన్, నల్లజాతి చరిత్రను స్మరించే వారాన్ని 1926లో మొదలుపెట్టినాడు. అదే 1976 నుంచి నెల పండుగ అయింది. 1955 డిసెంబర్ 1న మాంట్‌గొమరీ పట్టణంలో రోజా పార్క్స్ బస్సులో తెల్లవానికి సీటు విడిచి లేవనన్నది. అక్కడి నల్లవాళ్లు 381 రోజులు బస్సు ఎక్కలేదు, చాలామంది నడిచి పనికి పోయినారు. వాళ్లట్ల నడుస్తున్న రోజుల్లోనే, 1956 అక్టోబర్ 14న, బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు. సముద్రాలకు అటూ ఇటూ దుఃఖం ఒక్కటే, లేచి నిలబడ్డ తీరూ ఒక్కటే.

"పాత గాయం కెలికితే పగ పెరగదా?" అని కొందరు అడుగుతారు. గాయాన్ని దాచిపెడితే చీము పడుతుంది. చూసి, కడిగి, మందు రాస్తేనే మానుతుంది. బుద్ధుడు వైద్యునివంటివాడు, రోగాన్ని దాచమనలేదు. అయితే స్మృతికి తోడు మైత్రి ఉండాలి. మనను తొక్కినవాని బిడ్డను మనం తొక్కడానికి కాదు ఈ స్మరణ. ఎవరి బిడ్డనూ ఎవరూ తొక్కని ఊరు కావడానికి.

ఈసారి జయంతికి మూడు పనులు చేయండి. పంచశీలలో ఐదవది మరువకండి, ఆ రోజు ఊరేగింపులో కల్లు, సారా ఉండొద్దు. డీజే ఖర్చులో కొంత తీసి పిల్లలకు పుస్తకాలు కొనండి. సాయంత్రం త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాక వాడలోని పెద్దమనిషిని, పెద్దమ్మను కూర్చోబెట్టి, వాళ్లు చూసింది చెప్పమనండి. హోటల్లో వేరే గ్లాసు, బావి కాడ దూరం, మొదటిసారి బడికి పోయిన రోజు. పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.

అది రాసిన పిల్ల తలవంచుకొని బతకదు. ఇంకొకరి తల వంచదు కూడా.

సకల జీవులకు మంగళం కలుగుగాక. నమో బుద్ధాయ! జై భీమ్!