గగనయానం: ఎవరి గతవైభవం?

విమానప్రయాణపు తొలినాళ్లను తలచుకొని నిట్టూర్చేవారు నేటికీ తక్కువేమీ కాదు. బేగంపేటకు బంధుమిత్రులు వెంట వచ్చి సాగనంపడం, పింగాణీ పళ్లెంలో భోజనం, సిబ్బంది చూపిన ఆదరం వారి జ్ఞాపకాలు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలడంతో ఆ జ్ఞాపకాలకు నిలువనీడ కూడా లేకపోయింది.

అయితే ఈ బెంగ సూరత్‌లోని తెలుగువారికి అంతగా తెలియదు. మొగలాయిల కాలంలో హజ్ యాత్రికులు ఓడలెక్కిన ఈ రేవుపట్టణానికి కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనికై వలస వచ్చాయి. వారికి గతకాలపు ప్రయాణమంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్, జనరల్ పెట్టె, మూటల మధ్య కునుకు. ఊళ్లో తండ్రి పోయినట్లు కబురందితే రైలు వరంగల్ చేరేసరికి దాదాపు ఒక రోజు గడిచేది. కడచూపునకు నోచుకోనివారు ఎందరో!

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి నడిపిన చిన్న విమానం మోసినది తపాలాను. ఈ దేశంలో సామాన్యుని కంటె ముందు అతని ఉత్తరమే గాలిలో ఎగిరిందన్నమాట. ఆ తరువాత దశాబ్దాలపాటు విమానమెక్కినవారిలో అధికులు సంపన్నులు, వ్యాపారులు, ప్రభుత్వ ఖర్చుపై తిరిగిన అధికారులు. సొంత సొమ్ము పెట్టనివారి నిట్టూర్పే కొంత పెద్దగా వినిపించడం విచిత్రం.

అంతమాత్రాన ఆ బెంగను దురహంకారమని కొట్టివేయడం న్యాయం కాదు. మనిషిని మనిషిగా ఆదరించడం మంచిదే. అది తగ్గితే బాధపడడమూ సహజమే. ప్రశ్న వేరే ఉన్నది. గుర్తుకువచ్చి బాధిస్తున్నది ఆ ఆదరమా, లేక ఇతరులెవరూ అక్కడ లేకపోవడమా? పక్క సీటులోని నేతకార్మికునికి కూడా అదే పలకరింపు దక్కితే సంతోషించగలిగినవాని బెంగలో దోషం లేదు. ఆ పలకరింపు విలువే తగ్గిపోయిందనుకునేవాడు కోరుతున్నది మర్యాదను కాదు, హోదాను. ఒకే మనసులో ఈ రెండూ కలగలిసి ఉండడం వల్లనే విడదీయడం కష్టం.

2023 డిసెంబరులో సూరత్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. హైదరాబాదుకు గాలిలో రెండు గంటలు చాలు. అప్పటికప్పుడు కొనే టికెట్టు ఖరీదెక్కువ; అప్పు చేయక తప్పదు. తనిఖీ వరుసలో ఏ చేతిసంచీ తెరవాలో తెలియక తడబడితే వెనుకనున్నవారు విసుక్కుంటారు. లోపల మంచినీళ్లు కొనుక్కోవలసిరావచ్చు. అయినా చీకటిపడేలోగా ఆ కొడుకు తండ్రి పాదాల దగ్గర నిలుచుంటాడు.